పాటకుఁ దొడిగిన వేషము

రాక్ సంగీతపు రికార్డు అట్టను కేవలము దుమ్ము సోకకుండఁ జేయు సంచియని తలంపరాదు. 1967వ సంవత్సరమున ఆంగ్లదేశపు బీటిల్స్ బృందమువారు 'సార్జెంట్ పెప్పర్స్' రికార్డు అట్టపై రంగురంగుల బ్యాండుమేళపు దుస్తులు ధరించి, ప్రసిద్ధుల బొమ్మల నడుమ నిలిచి, వేఱొక కల్పిత మేళమువలెఁ గనఁబడిరి. ఆ దృశ్యమును పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ అను చిత్రకారులు కూర్చిరి. మరుసటి యేటనే రిచర్డ్ హామిల్టన్ ఆ బృందమునకే తెల్లని అట్టను కల్పించెను. ముందువైపున ఉబ్బెత్తుగా బృందము పేరును, తొలి ప్రతులపై వరుస సంఖ్యయుఁ దప్ప మఱేమియు లేదు. మనుష్యులు వారే, వేషము మాఱినది.

నేఁడు చేతి ఫోనులో గోరంత బొమ్మయైనను, అట్ట పాట వినకమునుపే మనస్సును లోఁగొనుచున్నది. బృందమువారు తమ్ము మన మెట్లు తలంపవలెనని కోరుదురో దానినే అట్ట తెలుపునని మా యభిప్రాయము. విద్యార్థులారా! అట్టను జూచి యానందింపుఁడు. యోగ్యతను మాత్రము పాట విని నిర్ణయింపుఁడు.