ఆ చేతుల్ని ఏ లెక్కలో రాస్తారు?

గుండె బాగా నీరసించి, మందులకి లొంగని స్థితిలో, మార్పిడికి మరో గుండె దొరకనివాళ్ళకి ఛాతీలో ఒక పంపు అమరుస్తున్నారు. ఎడమ జఠరిక చెయ్యాల్సిన పనిని అది చేస్తుంది. దాని వైరు పొట్ట చర్మంలోంచి బయటికొచ్చి నడుముకి కట్టుకున్న కంట్రోలరుకీ, అక్కణ్ణించి రెండు బ్యాటరీలకీ కలుస్తుంది. ఇది వైద్యశాస్త్రం సాధించిన విజయమే, కాదనను. 2001లో అమెరికాలో వెలువడిన రీమ్యాచ్ పరిశోధనలో, మందులతోనే గడిపినవాళ్ళలో ఏడాదికి 25 శాతం మిగిలితే, పంపు పెట్టినవాళ్ళలో 52 శాతం బతికున్నారు. నా తగాదా పంపుతో కాదు. అది ఆగకుండా ఉండటానికి ఇంట్లో రోజూ జరిగే చాకిరీని లెక్కలోకి తీసుకోని వ్యవస్థతో.

మా పిన్ని కూతురి భర్తకి మూడేళ్ళ క్రితం ఈ పంపు పెట్టారు. ఆపరేషన్‌కి ముందే ఆసుపత్రివాళ్ళు అడిగారు: "ఇంట్లో చూసుకునేవాళ్ళెవరు?" అందరూ ఆమెవైపు చూశారు. ఆమెని విడిగా ఎవరూ అడగలేదు. ఆమె తలూపింది. దాన్నే అంగీకారం అన్నారు.

ఆమె రోజు ఎలా గడుస్తుందో దగ్గరుండి చూశాను. మాస్కు కట్టుకుని, స్టెరైల్ గ్లవుజులు తొడుక్కుని, వైరు బయటికొచ్చే చోట శుభ్రం చేసి కొత్త కట్టు కట్టాలి. అక్కడ చీము పడితే లోపలి పంపుదాకా పాకొచ్చు. బ్యాటరీలు ఒకదాని తర్వాత ఒకటి మార్చాలి, రెండూ ఒకేసారి తియ్యకూడదు. రాత్రి కరెంటుకి కలపాలి. కరెంటు పోతే అలారం మోగగానే లేచి మళ్ళీ బ్యాటరీలకి మార్చాలి. గడప దాటితే స్పేర్ కంట్రోలరు, ఛార్జి చేసిన బ్యాటరీలు ఉన్న సంచీ వెంట ఉండాలి. కట్టు సామాను నిండుకోకముందే తెప్పించాలి. రక్తం పలచబరిచే మందు మోతాదు కోసం రక్తపరీక్షలు చేయించాలి. "అక్కా, ఒళ్ళెరగకుండా నిద్రపోయి మూడేళ్ళయింది" అంది.

ఆసుపత్రి బిల్లులో పంపుంది, బ్యాటరీలున్నాయి, కట్టు సామానుంది. ఆమె చేతులు లేవు. ఇదే పని నర్సు చేస్తే జీతం, డ్యూటీ వేళలు, సెలవులు. భార్య చేస్తే ప్రేమ, ధర్మం, పసుపుకుంకాల కోసం ఆరాటం! 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంట్లోవాళ్ళని చూసుకునే పని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. నిద్రలో కూడా అలారం కోసం చెవి ఒగ్గి ఉండటాన్ని ఏ నిమిషాల్లో రాస్తారు?

దీనికి ఇంకో పక్క ఉంది. అమెరికాలో ఈ పంపు అమర్చినవాళ్ళలో స్త్రీలు సుమారు ఐదింట ఒక వంతే. పాత పంపులు పెద్దవి కావడం, ఆడవాళ్ళ గుండెజబ్బుని ఆలస్యంగా గుర్తించడం లాంటి కారణాలున్నాయి. అయినా "చూసుకునేవాళ్ళెవరు?" అన్న షరతు మీద నా అనుమానం పోదు. మగరోగి విషయంలో ఆ ప్రశ్నకి జవాబు మంచం పక్కనే నిలబడి ఉంటుంది. మరి ఆడరోగికి? భర్తకి ఉద్యోగం, కొడుకు ఎక్కడో దూరాన, కూతురు అత్తవారింట. వితంతువుకి, ఒంటరి స్త్రీకి ఆ మాత్రం కూడా లేదు. మన శ్రమని ఉచితంగా గుంజుకునే షరతే, మన వంతు వచ్చేసరికి వైద్యానికి అడ్డుగోడ అవుతుంది.

"ఇది లక్షలున్నవాళ్ళ గోడు, మనకెందుకు?" అని ఒక మిత్రురాలు అడిగింది. పంపు కొద్దిమందికే అందుతున్న మాట నిజం. కానీ పక్షవాతం రోగి, ఆక్సిజన్ సిలిండరుతో ఇంటికొచ్చిన రోగి, ఇంట్లోనే డయాలిసిస్ చేసుకునే రోగి, అందరి వెనకా ఇదే ఏర్పాటు. ఆసుపత్రి మంచం ఖాళీ చేయించిన ప్రతిసారీ ఆ పని ఎవరో ఒక స్త్రీ మీద పడుతోంది.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. చూసుకోబోయే మనిషితో విడిగా మాట్లాడి, కాదనే హక్కు ఇచ్చి అంగీకారం తీసుకోవాలి. ఇంట్లో ఇద్దరికి, అందులో ఒక మగవాడికి, శిక్షణ తప్పనిసరి చెయ్యాలి. పంపు ఖర్చు భరించే బీమా అయినా, పథకమైనా, బ్యాటరీల ఖర్చు, కట్టు సామాను ఖర్చు, ఇంటికొచ్చే నర్సు జీతం కూడా భరించాలి. ఎవరూ లేని స్త్రీకి మనిషిని ఏర్పాటు చెయ్యాలే తప్ప వైద్యం నిరాకరించకూడదు.

ఆరోగ్య హక్కు గురించి పెట్టే ప్రతి సమావేశంలో ఈ ప్రశ్న కూడా అడుగుదాం: రోగిని ఆమె చూసుకుంటోంది, సరే. ఆమెని చూసుకునేదెవరు?