పాకం ఎవరు పట్టాలి?

సంక్రాంతి సెలవులు అయ్యాక హాస్టల్లో రెండు రోజులు ఒకటే వాసన. నెయ్యి, బెల్లం, నువ్వులు. ఎవడి డబ్బా మూత తీసినా అరిసెలే. ఒకడివి మెత్తగా, ఇంకొకడివి కాస్త గట్టిగా. వరంగల్ నుంచి వచ్చినవాడి డబ్బాలో వాటితో పాటు సకినాలు కూడా. మూడో రోజుకి డబ్బాలన్నీ ఖాళీ. తినే సబ్జెక్టులో మన బ్యాచ్‌లో ఎవరికీ బ్యాక్‌లాగ్ లేదు. మరి చేసే సబ్జెక్టులో?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పండక్కి ఇంట్లో అరిసెలు వండే అలవాటు నిలబడాలి. కానీ అది అమ్మల నడుం మీదే నిలబడాలి అంటే మాత్రం, ఆగిపోయినా నాకు బాధ లేదు.

అరిసెల పని ఎంతో తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. బియ్యం కనీసం ఒక రోజంతా నానాలి. మధ్యలో నీళ్లు మార్చాలి. వడకట్టి, గుడ్డ మీద ఆరబోసి, పూర్తిగా ఆరకముందే, చేతికి తడి తెలుస్తుండగానే పిండి పట్టించాలి. వెంటనే జల్లించి, తడి ఆరిపోకుండా నొక్కిపెట్టి మూత పెట్టాలి. పొడిపిండితో చేస్తే అరిసె రాదు. తర్వాత బెల్లం కరిగించి, వడగట్టి, పాకం. పాకం కుదిరాక దింపి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా తెడ్డుతో కలపాలి. చలిమిడి అయ్యాక ఉండలు చేసి, నువ్వులు అద్ది, ఒత్తి, కాగిన నూనెలో వెయ్యాలి. పొంగిన అరిసెని తీసి, రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. అప్పటికి వంటిల్లు బాయిలర్ రూమ్‌లా ఉంటుంది.

ఇందులో అసలు పరీక్ష పాకానిది. చన్నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చుకుపోతుంది. ముదిరితే పళ్లు ఊడతాయి. మన భాషలో చెప్పాలంటే, నీరు ఆవిరయ్యేకొద్దీ ద్రావణం గాఢత పెరుగుతుంది, దాంతో పాటే మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. పంచదార పాకం ఈ మెత్తటి ఉండ దశకి వచ్చేది సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ దగ్గర. థర్మామీటర్ పెట్టేస్తే సరిపోతుందిగా అంటారేమో. బెల్లం ల్యాబ్‌లో దొరికే స్వచ్ఛమైన సుక్రోజ్ కాదు. ఏ దిమ్మలో ఎంత తేమ ఉందో, కొత్త బెల్లమో పాతదో, దాన్నిబట్టి దాని నడక మారుతుంది. అందుకే అమ్మమ్మలు అంకె చూడరు, ఉండ చూస్తారు. అది మూఢనమ్మకం కాదు, కొలవాల్సినదాన్నే నేరుగా కొలవడం.

ఇంత విద్య మన ఇళ్లలో ఎక్కడుంది? చాలా ఇళ్లలో ఒక్క మనిషి దగ్గర. మా ఇంట్లో అమ్మమ్మ దగ్గర ఉండేది. ఇప్పుడు ఆవిడ వేళ్లు వంగడం లేదు, అమ్మ చేస్తోంది. పోయినేడు అమ్మ కూడా "ఈసారి కొనేద్దాంరా, నావల్ల కావట్లేదు" అంది. నేను తెడ్డు పట్టుకుంటానన్నాను. అమ్మమ్మ వెంటనే "నువ్వెందుకురా ఇక్కడ, పోయి టీవీ చూసుకో" అంది. చిత్రం ఏమిటంటే, ఆ మొత్తం పనిలో ఎక్కువ బలం కావాల్సింది ఆ తెడ్డు తిప్పడానికే. జిమ్ముకెళ్లే మనవణ్ని హాల్లో కూర్చోబెట్టి, భుజం నొప్పి ఉన్న అమ్మ చేత తిప్పించడం ఏ సంప్రదాయం? చివరికి నేనే తిప్పాను. అమ్మమ్మ స్టూలు మీద కూర్చుని పాకం చూసింది. అమ్మ ఆ గంటసేపు కూర్చుని ఒత్తింది. అంతే తేడా. కానీ "కొనేద్దాం" అన్న మాట మళ్లీ వినపడలేదు.

కొనుక్కుంటే తప్పా అని అడిగేవాళ్లున్నారు. తప్పు లేదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద ఆ రేకులు తీసే పని అక్కడ ఎంతోమంది ఆడవాళ్లకి జీవనాధారం. ఆ పూతరేకులు నేను డబ్బిచ్చి ఆనందంగా కొంటాను. ఇంటి అరిసెలు షాపు అరిసెల కంటే రుచి అని కూడా వాదించను, కొన్ని షాపులవి నిజంగా బాగుంటాయి. నా వాదన వేరు. కొనడం ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. చెయ్యడం ఒక తరం మానేస్తే, తర్వాతి తరానికి అడగడానికి మనిషి మిగలదు. యూట్యూబ్‌లో వంద వీడియోలుంటాయి, కానీ అందులో మీ అమ్మమ్మ చెయ్యి ఉండదు.

అసలు బలమైన అభ్యంతరం ఇంకొకటి. "సంప్రదాయం పేరుతో ఆడవాళ్లకి చాకిరీ పెంచుతారా?" అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. పండగ రోజు అందరికంటే ఆలస్యంగా అన్నం తినేది ఎవరో మన ఇళ్లలో అందరికీ తెలుసు. అందుకే అంటున్నా, తినేవాళ్లంతా పనిలోకి రావాలి. అలా కుదరని ఇంట్లో "అరిసెలు లేవా?" అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి వచ్చే సంక్రాంతికి మనం చెయ్యాల్సింది చిన్నదే. ఐదు కిలోలు వద్దు, ఒక్క కిలో బియ్యంతో మొదలుపెట్టండి. బెల్లం ఎంత పడిందో తూచి రాసుకోండి. "చాలినంత" అని అమ్మమ్మ అంటే, ఆ చాలినంతని కాటా మీద పెట్టండి. మా ఇంట్లో కిలో బియ్యానికి ముప్పావు కిలో దగ్గర తేలింది, మీ ఇంట్లో ఇంకోలా తేలొచ్చు. పాకం ఉండ కట్టినప్పుడు మీ వేళ్లతో కూడా పట్టి చూడండి, ఆ మెత్తదనం కాగితం మీద రాయడం కుదరదు. నూనె దగ్గర అమ్మని లేపి మీరు కూర్చోండి. తర్వాత మూకుడు కూడా మీరే తోమండి. అది తోమితేనే సిలబస్ పూర్తయినట్టు.