నురగ చప్పుడు

గడ్డం గీసుకోవడం నాకు ఏనాడూ పెద్ద పని కాదు. డబ్బా నొక్కితే నురగ, నాలుగు గీతలు, ఆఫీసుకి పరుగు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. అలాంటిది యాభై రెండో ఏట ఓనమాల నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే ఈసారి గీయాల్సింది నా గడ్డం కాదు, మా నాన్నది.

నాన్న తెనాలిలో స్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా అయిపోయింది. అమ్మనీ నాన్ననీ హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి తెచ్చేసుకున్నాం. తిండి, మందులు, ఫిజియోథెరపీ అన్నీ ఒక దారిన పడ్డాయి. పేచీ అంతా గడ్డం దగ్గరే. ఆదివారం కూడా గడ్డం గీసుకోకుండా కాఫీ తాగని మనిషి ఆయన.

రక్తం పలచబడే మందులు వాడుతున్నారు కాబట్టి గాట్లు పడకూడదనీ, ట్రిమ్మరు మేలనీ డాక్టరుగారు చెప్పారు. సరే, ట్రిమ్మరు పెట్టాను. తెల్లటి మొలకలు అలాగే మిగిలిపోయాయి. నాన్న చెంప తడుముకుని అద్దం పక్కకి నెట్టేశారు. ఆ వారం చూడ్డానికి ఎవరొచ్చినా నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునేవారు. నిద్ర కాదని నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు.

తర్వాత నా డబ్బా నురగ, నా రేజరు. ముసలి చర్మం పలచగా, వదులుగా ఉంటుంది కదా, దవడ కింద చిన్న గాటు పడింది. దూది అదిమి పట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాను. నాన్న ఏమీ అనలేదు. ఎడమ చేత్తో అలమారలోని తన రేకు పెట్టె వైపు చూపించారు.

అందులో గుండ్రటి షేవింగ్ సబ్బు, బ్రష్షు, పాత రేజరు, పటిక ముక్క ఉన్నాయి. రేజరు ముట్టుకునే ధైర్యం చెయ్యలేదు. సబ్బు, బ్రష్షు తీసుకున్నాను. నీళ్ళు ధారాళంగా పోసి గిలక్కొట్టాను. గిన్నె నిండా బుడగలొచ్చాయి. నేను మురిసిపోయేలోపే, నాన్న చెంప మీద అవి టపటపా పేలిపోయాయి. మర్నాడు నీళ్ళు తగ్గించాను. నురగ సున్నంలా అంటుకుని ఆరిపోయింది.

మూడో రోజు వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "నీళ్ళెక్కువయ్యాయిరా!"

"నీకెలా తెలుసమ్మా అక్కణ్ణుంచి?"

"ఇన్నేళ్ళు విన్నాను, ఆ మాత్రం తెలీదా? ముందు బ్రష్షు సబ్బు మీద గరగరమంటుంది. తర్వాత నీళ్ళు కలుస్తుంటే చప్పుడు మెత్తబడుతుంది. చివరికి అసలు వినపడదు. చప్పుడు ఆగింది అనగానే నేను పొయ్యి మీద పాలు పెట్టేదాన్ని. నీది ఇందాకట్నుంచీ చళచళమంటోంది."

అమ్మ ఏనాడూ బ్రష్షు పట్టుకోలేదు. నాకు గురువు మాత్రం ఆవిడే.

ఆవిడ చెవి, నాన్న సైగలు, నా తప్పులు కలిపి నెల రోజుల్లో నేర్చుకున్నది ఇదీ. ముందు గోరువెచ్చటి తడి తువ్వాలు గడ్డానికి రెండు మూడు నిమిషాలు చుట్టి ఉంచాలి. వెంట్రుక నీళ్ళు పీల్చుకుంటే మెత్తబడుతుంది, సులువుగా తెగుతుంది. ఈలోపు బ్రష్షుని వేణ్ణీళ్ళలో నాననివ్వాలి. అసలు వెంట్రుకల బ్రష్షయితే నాలుగైదు నిమిషాలు, నైలాన్‌దైతే ఒకసారి ముంచితే చాలు. సబ్బు మీదా ఒక చెంచాడు వేణ్ణీళ్ళు పోసి, అది నానాక వంపెయ్యాలి.

నేను చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. బ్రష్షుని రెండు మూడుసార్లు గట్టిగా విదిలించి, దాదాపు నీళ్ళు లేకుండా సబ్బు మీద తిప్పాలి. అర నిమిషం తిప్పితే కుచ్చుకి చిక్కటి ముద్ద పడుతుంది. అప్పుడు గిన్నెలోకి మారి, వేళ్ళ చివర్లతో నాలుగు చుక్కలు చల్లడం, తిప్పడం. మళ్ళీ నాలుగు చుక్కలు, మళ్ళీ తిప్పడం. రెండు నిమిషాలు పడుతుంది. తొందరపడితే రాదు. కంటికి ఒక్క బుడగ కూడా కనపడకుండా, మీగడ పెరుగులా నున్నగా మెరిస్తే వచ్చినట్టే. రెండు వేళ్ళ మధ్య రాస్తే జర్రున జారాలి. చెంప మీద ఆరిపోతుంటే నీళ్ళు చాలలేదు, బుడగలు పేలుతుంటే సబ్బు చాలలేదు.

ఒంటి సబ్బుతో ఈ పని ఎందుకు జరగదో కూడా తెలిసింది. షేవింగ్ సబ్బులో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ. సోడియం క్షారంతోపాటు పొటాషియం క్షారం కూడా వేస్తారు. అందుకే నురగ చిక్కగా వచ్చి నిలబడుతుంది. గ్లిజరిన్ తడి ఆరనివ్వదు. బ్లేడుకీ చర్మానికీ మధ్య జారుడు పొర అదే.

ఇంత చేసినా తెనాలిలో వచ్చే నురగ ఇక్కడ రాలేదు. నాన్న కుళాయి వైపు చూసి తల అడ్డంగా ఊపారు. అప్పుడు వెలిగింది. అక్కడ మా ఇంటికి వచ్చేవి కృష్ణా కాలువ నీళ్ళు. ఇక్కడ బోరు నీళ్ళు, బకెట్లకి తెల్లగా పొర కడుతుంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా మారిపోతాయి. నురగ కావాల్సిన సబ్బంతా తెట్టుకే ఖర్చు. తాగే నీళ్ళ ఫిల్టరులోంచి ఒక్క గ్లాసు పట్టి వేడి చేసి వాడాను. అదే సబ్బు, అదే బ్రష్షు, మీగడలా పొంగింది. మీది బోరు నీళ్ళ ఇల్లయితే సబ్బు మార్చే ముందు నీళ్ళు మార్చి చూడండి.

డాక్టరుగారిని మళ్ళీ అడిగాను. ఒత్తకుండా, చర్మం సాగదీసి పట్టుకుని, వెంట్రుక మొలిచిన దిక్కుకే లాగితే పర్వాలేదన్నారు. అలాగే చేస్తున్నాను. ఇప్పటిదాకా దూది అవసరం పడలేదు. పని అయ్యాక బ్రష్షు కడిగి, విదిలించి, గాలికి ఆరబెడతాను. తడిది పెట్టెలో పెట్టి మూసేస్తే కుచ్చు కుళ్ళిపోతుంది.

పోయిన వారం గిన్నె నాన్న ఒళ్ళో పెట్టి తువ్వాలు తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గిన్నెని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమ చేత్తో బ్రష్షు తిప్పుతున్నారు. మెల్లగా, వంకరటింకరగా. సగం నురగ లుంగీ మీద పడింది. నేను సాయం చెయ్యబోతే కళ్ళతోనే వద్దన్నారు. గుమ్మంలోనే నిలబడిపోయాను. గరగర కాస్తా మెత్తబడింది. కాసేపటికి చప్పుడు ఆగింది.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఇవాళ మీ నాన్నగారే కలిపారా? పాలు పెట్టేస్తున్నా!"