తెనాలి స్టేషను దహనము

1942 ఏప్రిలు 6న విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడెను. ఆగస్టు 12న తెనాలి రైలుస్టేషనును జనులు తగులఁబెట్టిరి. చెన్నపట్టణమునుండి బెజవాడ కృష్ణ వంతెనకుఁ బోవు ప్రధాన మార్గమది. పోలీసు కాల్పులలో ఏడుగురు హతులైరి.

యుద్ధవేళ రైలుదారి నడ్డగించుట శత్రువునకుఁ దోడ్పాటని కొందఱనిరి. సర్కారువారు 1943లో నేరమంతయుఁ గాంగ్రెసుపై మోపుచుఁ బుస్తకమే ప్రకటించిరి. ఆగస్టు 9న నాయకులను జెఱనిడి, జనులను వారించువారు లేకుండఁ జేసినదెవ్వరు? ఆ యాగ్రహమునకు జపానుతోఁ జుట్టరికము గట్టుట అన్యాయము.

అయినను ఆస్తిదహనము అహింసయను వాదమును మేమంగీకరింపము. గాంధీజీయుఁ జెఱ వీడిన పిదప విధ్వంసము హింసయేయని స్పష్టపఱచెను. తెనాలి రణరంగచౌకులోని ఏడు విగ్రహములకు మాల వేయుటకు ఈ యభిప్రాయ మడ్డురాదు.