వీధి దిమ్మకూ కొలతలున్నాయి

సీసీ రోడ్డు పడిన కొన్నాళ్లకే మన వీధుల్లో దిమ్మ కూడా పడుతుంది. రోడ్డు వేసేది కాంట్రాక్టరు, దిమ్మ వేసేది వీధివాళ్లు. ఎవరింట్లోనో స్లాబు పోయగా మిగిలిన నాలుగు తట్టల కాంక్రీటును మేస్త్రీ చేత రోడ్డుకు అడ్డంగా వేయిస్తారు. అది ఆరేదాకా అటొక రాయి, ఇటొక రాయి. నరసరావుపేట ప్రకాశ్‌నగర్‌లో చూసినా, గురజాల, మాచర్ల సందుల్లో చూసినా ఇదే తంతు. మట్టిరోడ్డు ఉన్నన్నాళ్లూ గుంటలే బండ్లకు కళ్లెం వేశాయి. రోడ్డు నున్నబడగానే ఇంటర్ కుర్రాడి బైకు దగ్గర్నుంచి మిరప టిక్కీల ట్రక్కు ఆటో దాకా అన్నిటికీ కాళ్లొచ్చాయి.

దిమ్మ వేసినవాళ్లను నేను తప్పుపట్టను. గుమ్మం దిగితే రోడ్డే అయిన ఇళ్లు మనవి. పిల్లాడు బంతి వెనక పరిగెత్తేదీ, ముసలమ్మ సాయంత్రం చల్లగాలికి కూర్చునేదీ అక్కడే. అధికారులకు చెప్పి చెప్పి విసిగిపోయాకే తాపీ పట్టుకుంటారు. నా పేచీ అంతా ఆ దిమ్మ ఆకారంతోనే.

ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. వెడల్పు అడుగు, మహా అయితే అడుగున్నర. కత్తిపీటలా నిటారుగా లేచి ఉంటుంది. కాలువ వైపు నీళ్లు పోవడానికి జానెడు సందు వదులుతారు. బైకులన్నీ ఆ సందులోంచే దూరిపోతాయి. నడిరోడ్డున పోయే బండిని తీసుకొచ్చి అరుగు అంచున, ముసలమ్మ కాళ్ల దగ్గర పెట్టామన్నమాట.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. పొట్టి దిమ్మను ఒక వేగం దాటి ఎక్కితే కుదుపును టైరూ స్ప్రింగులే మింగేస్తాయి, సీట్లో ఉన్నవాడికి తగిలేది తక్కువ. నిదానంగా ఎక్కించినవాడికే నడుము పట్టేస్తుంది. నిండు చూలాలిని తీసుకెళ్లే 108 ఆ దిమ్మ దగ్గర పాకాలి, దూకుడుగా వచ్చే కుర్రాడు మాత్రం ఎగిరి దాటేస్తాడు. బ్రిటన్ రవాణా పరిశోధనశాలలో వాట్స్ అనే ఆయన రకరకాల దిమ్మలు పరీక్షించి 1973లో నివేదిక ఇచ్చాడు. ఆయన తేల్చిన ఆకారం పన్నెండడుగుల వెడల్పున మెల్లగా లేచి మెల్లగా దిగే వంపు. దానిమీద వేగం పెరిగేకొద్దీ కుదుపూ పెరుగుతుంది. శిక్ష పడాల్సినవాడికే పడుతుంది.

మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఐఆర్‌సీ 99 పేరుతో ఇచ్చిన కొలతలూ అవే: వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్లకు మించకుండా దాటాలని లెక్క. నలుపు తెలుపు చారలు ఉండాలి, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. 2018లో దీన్ని సవరించి విస్తరించారు కూడా. సున్నానికి పేరుపడ్డ పిడుగురాళ్ల మన జిల్లాలోనే ఉంది, మాచర్లలో కేసీపీ సిమెంటు 1958 నుంచీ ఉంది. అయినా రాత్రిపూట కనపడేలా ఒక తెల్లచారకు నోచుకున్న దిమ్మ మన వీధుల్లో ఎంత వెతికితే దొరుకుతుంది?

మాచర్ల మీదుగా పోయే 565 జాతీయ రహదారి సంగతి వేరు. జాతీయ రహదారుల మీద స్పీడ్ బ్రేకర్లు తీసేయమని కేంద్రం 2016లోనే చెప్పింది. నేనంటున్నది లోపలి వీధుల గురించి.

ఆ వీధులకు చట్టం ఎంత వేగం ఇచ్చిందో తెలిస్తే కళ్లు తిరుగుతాయి. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ పరిధిలో కారుకు గరిష్ఠం 70, మోటార్‌సైకిల్‌కు 60. రాష్ట్రాలు తగ్గించుకోవచ్చు. మనుషులూ బండ్లూ కలిసి తిరిగేచోట 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోం సదస్సు ప్రకటించింది. వేల్స్ 2023లో జనావాసాల రోడ్లకు దాదాపు అంతే పెట్టుకుంది. 60 మీద పోయే బండి బ్రేకు పడ్డాక ఆగడానికి 30 మీద పోయేదానికి నాలుగింతల దూరం కావాలి. మన సందుల్లో అంత దూరంలో నాలుగు గుమ్మాలుంటాయి.

పద్దెనిమిది నిండని కొడుక్కి బండి తాళం ఇచ్చే తండ్రికీ ఓ మాట. 2019 సవరణ చట్టం ప్రకారం పిల్లాడు నేరం చేస్తే 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు పెద్దవాళ్లకే. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. కుర్రాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సూ రాదు.

కొలతల ప్రకారం దిమ్మ పడనిది శాఖలకు చేతకాక కాదు. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభ కదిలిందంటే దారి పొడవునా కరెంటు తీసి, అడ్డమొచ్చిన తీగలు విప్పి మళ్లీ కట్టే జిల్లా మనది. పదిమంది పట్టుబడితే శాఖలన్నీ కదులుతాయి.

అందుకే సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలో ఊరికే ‘స్పీడ్ బ్రేకర్ కావాలి’ అని రాయకండి, ఇంకో కత్తిపీట వస్తుంది. 3.7 మీటర్లు, 10 సెంటీమీటర్లు, చారలు, బోర్డు అని విడివిడిగా రాయండి. కాలువ వైపు నీళ్లు పోయేలా, బైకు దూరకుండా కట్టమనండి. పని కొలతలు రాసుకునే ఎంబుక్‌లో వాటిని ఎక్కించేటప్పుడు వీధివాళ్లను పిలవమని కూడా ఒక వాక్యం చేర్చండి, టేపు మీరే పట్టుకెళ్లండి.