నేల సంగతి ఊరికే తెలుసు

శ్రీ సత్యసాయి జిల్లాలో చిన్న విమానం పద్ధతిగా దిగగలిగిన చోటు పుట్టపర్తి ఒక్కటే. 1990లో మొదలైన ఆ విమానాశ్రయంలో రన్‌వే పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. అక్కడిదాకా చేరకముందే ఇంజన్ ఆగిపోతే పైలట్‌కు మిగిలేది కింద కనబడే నేల. సెస్నా 172 వంటి ఒంటి ఇంజన్ విమానం ఇంజన్ ఆగినా ఉన్నపళంగా కూలిపోదు. కిలోమీటరు ఎత్తులో ఉంటే దాదాపు తొమ్మిది కిలోమీటర్లు జారుతూ పోగలదు. చేను వెతుక్కోవడం, గాలివాటం పోల్చుకోవడం, దిగడం అన్నీ ఆ నాలుగైదు నిమిషాల్లోనే.

పెనుకొండ కోట మీద నిలబడి చూస్తే పొలాలన్నీ చదునుగానే కనిపిస్తాయి. కిందికి దిగితే వేరే సంగతి. చెనక్కాయ పీకేసిన చేలో సాళ్లుంటాయి. ఏరిన రాళ్లు గట్టున కుప్పలై ఉంటాయి. వానకు కోసుకుపోయిన వంక దగ్గరికొస్తే గాని కనబడదు. బోరుమోటారుకు వెళ్లే కరెంటు తీగ పైనుంచి చూసేవాళ్ల కంటికి ఆనదు. అందుకే తీగ కోసం కాదు, స్తంభాల కోసం చూడమని పైలట్లకు నేర్పుతారు. సాళ్లకు అడ్డంగా కాక వాటి వెంబడి దిగమంటారు. వీలైనంత వరకు ఎదురుగాలికి దిగమంటారు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది కనుక, గాలి తగ్గించే ప్రతి కిలోమీటరు వేగమూ ప్రాణానికి ఆసరాయే.

పై చూపు ఎంత మోసం చేస్తుందో 2002 మార్చి 3న కైకలూరు దగ్గర తెలిసింది. భీమవరం నుంచి తిరిగి వస్తున్న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి హెలికాప్టర్ అక్కడ చేపల చెరువులో కూలింది. ఆయనతో పాటు పైలట్, అంగరక్షకుడు చనిపోయారు. చూపు సరిగా ఆనని వేళ నేల అనుకుని దించబోయారని, చెరువని తెలిసి పైకి లేపేసరికి కొబ్బరిచెట్టు తగిలిందని అప్పటి కథనాలు చెప్పాయి. అక్కడ నీళ్లున్నాయని ఆ ఊళ్లో పిల్లవాడికైనా తెలుసు. ఆ తెలిసిన మాట ఆకాశంలో ఉన్నవాళ్లకు అందే దారే లేకపోయింది.

ముందే అనుకుని సిద్ధం చేసిన చోటైనా ప్రమాదం పూర్తిగా తప్పదు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతారు, సున్నంతో వలయం గీస్తారు, గాలివాటం తెలియడానికి పొగ పెడతారు. జనం అదుపు తప్పితే ఇవేవీ ఆదుకోవు. 2025 ఏప్రిల్ 8న రామగిరి మండలం పాపిరెడ్డిపల్లి పరామర్శకు మాజీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి వచ్చినప్పుడు హెలికాప్టర్ మీదికి జనం తోసుకొచ్చారు. అద్దం దెబ్బతింది, ఆయన రోడ్డు మీద వెళ్లాల్సి వచ్చింది. తప్పెవరిదన్న వాదన అలా ఉంచితే, ఆ రోజు ప్రాణాలు పోకపోవడం అదృష్టం. వేగంగా తిరిగే తోక రెక్క కంటికి కనబడదు. దాని దగ్గరికి వెళ్లినవాళ్లకు తప్పించుకునే వ్యవధి కూడా దొరకదు.

హిందూపురం, ధర్మవరం పల్లెల్లో ఏ విమానమైనా అనుకోకుండా దిగితే ముందుగా పరుగెత్తేది పొలంలో ఉన్న రైతూ కూలీలే. అంబులెన్సు, అగ్నిమాపక బండి ఆ తర్వాతే వస్తాయి. ఆ తొలి నిమిషాల్లో ఏం చేయాలో మన పల్లెలకు ఎవరూ చెప్పలేదు. రెక్క పూర్తిగా ఆగేదాకా దూరంగా ఉండాలి. ఇంధనం కారుతుంటుంది కనుక బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకూడదు. తెగిన తీగ ఏదైనా ఉంటే దాన్ని తాకకుండా, ముందు లైన్‌మన్‌కు చెప్పి కరెంటు ఆపించాలి. 112కు ఫోన్ చేసి ఊరి పేరుతో పాటు బండి రాగల దారి కూడా చెప్పాలి. గుమిగూడి సెల్‌ఫోన్లలో తీసేవాళ్లను పక్కకు జరిపి దారి ఖాళీ చేయించడమూ సాయమే.

ఇవన్నీ ఒక గ్రామసభలో పావుగంటలో చెప్పగల మాటలు. హెలిప్యాడ్‌కు చోటు చూసేటప్పుడు ఇంజినీరు పక్కన ఆ చేను దున్నే రైతును కూడా నిలబెట్టి అడగడం ఖర్చులేని పని. చుట్టుపక్కల తీగలకు దూరం నుంచి కనబడే రంగు బంతులు కట్టడం కొద్ది ఖర్చుతో అయ్యే పని. ఆకాశంలో ఆపద ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. దిగినవాళ్లను కాపాడుకోవడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. జిల్లా యంత్రాంగం ఈ రెండు మూడు పనులూ ఇప్పుడే మొదలుపెట్టాలి.