గ్రామసభ తీర్మానాల పుస్తకాన్ని ఊరి ముందు తెరిపించాలని వినతి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

మండలంలోని గ్రామాల రైతులు, కూలీలు, పొదుపు సంఘాల మహిళలు, యువజన సంఘాల సభ్యులు విన్నవించుకొనునది:

ఆర్యా,

రికార్డులు చూస్తే మా పంచాయతీల్లో గ్రామసభలు లోటు లేకుండా జరుగుతున్నాయి. తేదీ, అజెండా, హాజరు, సంతకాలు, వేలిముద్రలు అన్నీ ఉన్నాయి. సభను మాత్రం మాలో చాలామంది చూడలేదు. పొదుపు వాయిదా కట్టడానికి వెళ్లిన ఆడవాళ్ల ముందు ఒక పుస్తకం పెట్టి "ఇక్కడ కూడా ఒక సంతకం పెట్టమ్మా" అంటారు. ఏమిటని అడిగితే "మామూలుదేలే" అని జవాబు. ఆ సంతకాల పైన ఏ పనికి ఎంత రాసుకున్నారో మాకు తెలియదు. నిజంగా సభ పెట్టిన రోజున కూడా పొద్దున పదకొండింటికి పెడతారు. నాట్ల కాలంలో ఆ వేళకు ఊళ్లో మిగిలేది ముసలివాళ్లూ పసివాళ్లూ. చాటింపు పంచాయతీ ఆఫీసు వీధి దాటి ఎస్సీ కాలనీ దాకా రాదు.

జనానికే ఆసక్తి లేదని అధికారులు అంటున్నారు. ఈ మాట ఒప్పుకోలేం. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపారు. మా ఊళ్లలో ముందే టముకు వేశారు, మైకు కట్టారు, పనుల జాబితా చదివారు. జనం నిలబడి విన్నారు. మా డొంకరోడ్డు ఇందులో ఎందుకు లేదని నిలదీశారు కూడా. బహుశా ఆ నిలదీయడమే కొందరికి నచ్చలేదేమో.

రాజ్యాంగం 73వ సవరణ ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యుడే. 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ప్రత్యేకించినవి. ఆ డబ్బుతో ఏ వీధికి పైపు వేయాలో తేల్చవలసిన సభకు, ప్రణాళిక ఆన్‌లైన్‌లో ఎక్కాక గానీ కబురు అందలేదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభకే అప్పగించింది. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ తనిఖీని ఇతర రాష్ట్రాలవాళ్లు వచ్చి చూసి నేర్చుకున్నారు. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలే గడపగడపకూ తిరిగి మస్టర్లు చదివి వినిపించారు, తవ్విన గుంతలను టేపు పెట్టి కొలిచారు. ఊరు నోరు విప్పడానికి వెనకాడలేదు. అయితే తనిఖీ ప్రజావేదికలో అందరి ముందు కాజేసినట్టు తేలిన సొమ్ము వసూలైందో లేదో మాకు తిరిగి చెప్పేవారు లేరు. అందుకే పోయినసారి సాక్ష్యం చెప్పినవాళ్లు మళ్లీ పిలిస్తే తల తిప్పుకుంటున్నారు. పని చూపించే మేట్‌తో, కొలతలు రాసే ఉద్యోగితో రోజూ బతకాల్సింది వాళ్లే.

సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం అడగకుండానే వెల్లడించవలసినవి అడిగినా రావడం లేదు. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తు పెట్టిన సాయంత్రమే కాంట్రాక్టరు ఫోను మాత్రం వస్తోంది. ఇక సోమవారం తమ కార్యాలయంలో పెట్టే అర్జీల సంగతి తమ ముందే చెప్పవలసి రావడం ఇబ్బందిగానే ఉంది. ఎవరి మీద అర్జీ పెట్టామో విచారణ వారికే వెళుతోంది. వారు "పరిష్కరించడమైనది" అని రాస్తారు, మాకు మెసేజ్ వస్తుంది.

కొత్త కమిటీలు, అవగాహన సదస్సులు మేము అడగడం లేదు. కూలీలు ఇంటికి చేరాక, సాయంత్రం పూట సభ పెట్టించండి. వారం ముందు ప్రతి వాడలో చాటింపు వేయించండి. పోయిన సభ తీర్మానాలు, వాటికైన ఖర్చు చదివాకే కొత్తవి రాయాలి. రాసింది అక్కడే వినిపించాకే సంతకాలు తీసుకోవాలి. మరునాటికి ఆ పేజీల నకళ్లు సచివాలయం బోర్డు మీద ఉండాలి. సంఘాల సభ్యులు సభను రాసుకున్నా, ఫోన్‌లో తీసినా అడ్డుకోరాదని రాతపూర్వకంగా ఆదేశించండి. మా అర్జీలను వేరే మండలం అధికారితో విచారింపజేయండి. దరఖాస్తుదారుల పేర్లు బయటికి చేరవేసిన వారిపై చర్య తీసుకోండి.

వీటన్నిటికంటే ముందు, గత రెండేళ్ల తీర్మానాల పుస్తకాలను తమరు నియమించిన అధికారి సమక్షంలో రచ్చబండ దగ్గర చదివించండి. ఏ సంతకం ఎక్కడ, ఏమని చెప్పి తీసుకున్నారో సంతకం పెట్టినవాళ్లే వచ్చి చెబుతారు.

ఇట్లు,
మండల గ్రామాల ప్రజలు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది. వాటిని పెట్టినవారందరికీ ఈ వినతిని ముందుగా చదివి వినిపించాం.)